లేబుల్ మీద రెండో వరుస

బీర్‌గంజ్,
24 నవంబరు 2023

చిరంజీవి ఋతుజకు,

మీ మామ వాసుదేవ్ క్షేమంగా చేరాడు. ఈ ఒక్క మాట ముందు మీ అమ్మకు చదివి వినిపించు. మిగతాది ఆమె బీడీలు చుట్టుకుంటూ నింపాదిగా వింటుంది.

రక్సౌల్ దాకా మల్లప్ప లారీలో వచ్చాను. అక్కడినుంచి టాంగా. ఒక వంతెన దాటగానే నేపాల్ వచ్చేసిందన్నారు. ఎవరూ ఏమీ అడగలేదు. అడిగి ఉన్నా నాకు వినపడేది కాదు. ముప్పై ఏళ్ళు పవర్‌లూముల మధ్య నిలబడ్డ చెవులివి, ఇప్పుడు గట్టిగా అరిస్తే తప్ప పలకవు. అందుకే ఫోన్ చేయకు. నువ్వు అక్కడ గొంతు చించుకోవడం, నేనిక్కడ ఊరికే తల ఊపడం. ఉత్తరం రాయి. నేను నేర్పిన బడి తెలుగులోనే రాయి, ఇంటి తెలుగు నోటికి ఉండనీ.

సేఠ్‌జీ మంచివాడే. మన షోలాపూర్‌లో మూతపడ్డ కార్ఖానాల మగ్గాలు కొని తెచ్చుకున్నాడు. వాటిని బిగించి, ఇక్కడివాళ్ళకు చద్దర్లు నేయడం నేర్పాలి. ఆ మగ్గాల్లో ఒకదాని మీద నేను పనిచేశాను కూడా. దాన్ని ఇక్కడ చూస్తే మన వాడకట్టు మనిషి ఎదురైనట్టే అనిపించింది.

వంతెన దాటేసరికి నా వయసు యాభై ఏడేళ్ళు పెరిగింది. గోడ మీది క్యాలెండర్‌లో 2080వ సంవత్సరం నడుస్తోంది! సెలవు శనివారం. మొదటి ఆదివారం నేను ముసుగు తన్ని పడుకుంటే ఒక కుర్రాడు వచ్చి కాలు పట్టి లాగాడు. ప్రతి వాకిట్లో చేతిపంపు. మీ అమ్మకు చెప్పు, నాలుగైదు రోజులకోసారి వచ్చే నల్లా కోసం బిందెలు పెట్టుకుని కూర్చునే పని ఇక్కడ లేదని.

నీకు నచ్చే సంగతి ఒకటి. ఉప్పు, సబ్బు, బిస్కెట్లు ఏది కొన్నా పొట్లం మీద ఒకవైపు నేపాలీ, రెండోవైపు ఇంగ్లీషు. నేపాలీ అక్షరాలు మన మరాఠీ అక్షరాలే. అన్నీ చదవగలను, అర్థం మాత్రం కాదు. నూన్ అంటే ఉప్పని తినిచూసి తెలుసుకున్నాను. మల్లప్ప తిరిగొచ్చేటప్పుడు నాలుగు పొట్లాలు పంపుతున్నాను. తిని, అట్టలు దాచుకో. లేబుళ్ళు చేసేదానివి కదా.

మీ మామ,
వాసుదేవ్


జోడ్‌భావి పేట్, షోలాపూర్,
15 డిసెంబరు 2023

మామా,

నమస్కారం. నీ ఉత్తరం, నీ పొట్లాలు అందాయి. బిస్కెట్లు మనవాటికన్నా తీపి తక్కువ. అమ్మ చాయ్‌లో ముంచి నాలుగు తిన్నాక బాగా లేవంది.

ఉత్తరమంతా విన్నది. చేతిపంపు దగ్గరికి రాగానే చుడుతున్న చెయ్యి ఆపి, "గంత సుఖమున్నదా? గట్లయితే ఆడ్నే ఉండుమను మీ మామను" అన్నది. ఆ రోజు మన నల్లాకు నీళ్ళు రాలేదులే.

అట్టలు చూశాను. మన దగ్గర పాకెట్ల మీద హిందీ, ఇంగ్లీషు ఉంటాయి, ఒక్కోసారి మరాఠీ. మన ఇంట్లోకి తెలుగు ఉన్న పాకెట్ ఒక్కటి రాలేదు. ఇంట్లో మాట్లాడేది దేని మీదా రాసి ఉండదు, రాసి ఉన్నది ఇంట్లో మాట్లాడం. నీ ఊరిలోనూ అంతేనా?

ఒకటి అడుగుతాను, కాదనకు. మీ సేఠ్‌జీ చద్దర్లకు లేబుళ్ళు ఎవరు వేస్తారు? కొంతం చౌక్ ప్రెస్సులో నేను చేసే పని నీకు తెలుసు. పాత లేబుల్ తీసి, దుకాణం పేరు మార్చి, మళ్ళీ వేయడం. ప్రెస్సు యజమాని ఓంకార్ భావూకు నీ సంగతి చెబితే, "బయటి దేశం కామ్ తెచ్చినవంటే నీకు అలగ్ టేబుల్, కొత్త కంప్యూటర్. డిజైనర్ అని బోర్డు గూడ పెడ్త" అన్నాడు. నవ్వుతూ అన్నాడు కానీ అన్నాడు.

పల్లీలు దంచి చేసిన శెంగా చట్నీ మల్లప్ప చేతికి ఇచ్చాను. లారీలో అతను తినేయకుండా అమ్మ మూడు గుడ్డలు చుట్టింది.

నీ,
ఋతుజ


బీర్‌గంజ్,
6 జనవరి 2024

ఋతుజా,

చట్నీ వచ్చింది. రెండు గుడ్డలే మిగిలాయి, చట్నీ మాత్రం నిండుగానే ఉంది.

ఇక్కడి చలి నీకెలా చెప్పను? పది రోజులుగా సూర్యుడు కనపడలేదు. పొగమంచులో ఎదుటి మగ్గం మీద ఎవరున్నారో తెలియదు. దారుల పక్కన మంటలు వేసుకుని, అటుకులు, పెరుగు తింటూ కూర్చుంటారు. మనవాళ్ళు ఎండకు తిట్టుకుంటారు, వీళ్ళు ఎండ కోసం ఎదురుచూస్తారు.

సేఠ్‌జీని అడిగాను. నా మాట మీద ఒప్పుకున్నాడు. లేబుల్ మీద ఉండాల్సిన మాటలు లెక్కలు చూసే మునీమ్ రాసిచ్చాడు, ఆ కాగితం దీనితో పంపుతున్నాను. ఎడమవైపు నేపాలీ, కుడివైపు ఇంగ్లీషు. లేబుల్ కూడా అలాగే రెండు భాషల్లో ఉండాలి. "మీ షోలాపూర్ పని కదా, మంచిగ ఉండాలె" అని సేఠ్‌జీ హిందీలో నా చెవి దగ్గర అరిచి భుజం తట్టాడు. నీ పేరు చెప్పలేదు, మా ఊరి ప్రెస్సని మాత్రమే చెప్పాను. లేబుల్ చూసి మెచ్చుకున్న రోజున చెబుదామని.

మీ అమ్మ ఇక్కడే ఉండమన్నదా? ఆమెకు అలా అనిపిస్తే సరే. నేను ఉన్న గది ఖాళీ అయితే ఆమెకు బీడీ ఆకు ఆరబెట్టుకోవడానికి చోటు దొరుకుతుంది.

మామ


షోలాపూర్,
22 జనవరి 2024

మామా,

కాగితం అందింది. నేను ఎగిరి గంతేస్తే ఓంకార్ భావూ "జెర ఆగు, కంప్యూటర్ మీద పడ్తవ్" అన్నాడు.

అమ్మ మాటను నువ్వు అలా తీసుకున్నావేంటి? ఆమె ఏదో అంటుంది. నీ గదిలో ఇప్పటికీ సాయంత్రం దీపం పెడుతోంది. ఆకు అక్కడ పెట్టనివ్వదు.

ఇక పని. మీ మునీమ్ రాసిన రెండో వరుసలో ఒక మాట తప్పు పడింది. చదివితే నవ్వు ఆగలేదు. ఏ మాటో చెప్పను, నువ్వే పట్టుకో. సరిచేసి వేయమంటావా? త్వరగా రాయి. ఓంకార్ భావూ రోజూ అడుగుతున్నాడు.

ఋతుజ


బీర్‌గంజ్,
4 ఫిబ్రవరి 2024

ఋతుజా,

రెండో వరుస తప్పు నాకూ తెలిసింది. పక్కింట్లో ఉండే బడిపంతులు ఆ కాగితం నకలు చూసి, వేలు పెట్టి చూపించి నవ్వాడు. సరిచెయ్యి. దీనికి నన్ను అడగడమెందుకు? చదువుకున్నదానివి, నీకు తెలియదా?

నా దగ్గర పని నేర్చుకునే ఆడవాళ్ళు ఇప్పుడు తెగిన పోగు తామే ముడివేస్తున్నారు. నన్ను "సోలాపూర్ మాస్టర్" అంటారట. పెదవుల కదలిక చూసి తెలుసుకున్నాను.

మామ


షోలాపూర్,
20 ఫిబ్రవరి 2024

మామా,

లేబుళ్ళ కట్టలు ఈ రోజే మల్లప్ప లారీ ఎక్కాయి. నీలం అంచు, మధ్యలో కొండ, కొండ మీద మన చద్దరు పువ్వు. ఒకవైపు నేపాలీ, ఒకవైపు ఇంగ్లీషు. నేను చేసినది దేశం దాటిపోవడం ఇదే మొదలు. ఓంకార్ భావూ నిజంగానే కిటికీ పక్కన టేబుల్ వేయించాడు. బోర్డు ఇంకా పెట్టలేదు.

ఇంకో సంగతి. అమ్మ రాయమంది, నాకు సిగ్గుగా ఉంది. కుంభారిలో ఉండే వీరేష్ అని, టవళ్ళ కార్ఖానాలో పని. వాళ్ళు వచ్చి చూసి వెళ్ళారు. నేనూ చూశాను. ఏప్రిల్ నెలాఖరులో పెళ్ళి. మంగళాష్టకాలప్పుడు నా వెనుక నిలబడాల్సింది నువ్వే. నాన్న పోయినప్పటినుంచి నాకు ముందున్నదీ వెనుకున్నదీ నువ్వే కదా. ఇప్పుడే సెలవు అడిగిపెట్టు.

ఋతుజ


బీర్‌గంజ్,
27 మార్చి 2024

చిరంజీవి ఋతుజకు ఆశీర్వాదం.

వీరేష్ వాళ్ళ నాన్న నాకు తెలుసు. మంచి మనుషులు. సంతోషం.

లేబుళ్ళు చేరాయి. కొండ బాగుంది, పువ్వు బాగుంది. తరువాతి లేబుళ్ళ సంగతి ఇప్పుడప్పుడే ఓంకార్‌కు మాట ఇవ్వకు. సెలవు కష్టంగా ఉంది. చూస్తాను.

ఇక్కడ మోటార్‌సైకిల్ ధర మన ధరకు రెండింతలకు పైనే. అందుకే ఎక్కువమంది సైకిళ్ళు తొక్కుతారు.

మామ


షోలాపూర్,
8 ఏప్రిల్ 2024

మామా,

పెళ్ళి గురించి నేను ఒక పేజీ రాస్తే, నువ్వు మోటార్‌సైకిళ్ళ ధర రాశావు.

నిన్న మల్లప్ప మా ప్రెస్సుకు వచ్చి అందరి ముందూ అన్నాడు. "మీ మామ సేఠు ఇప్పుడు ఆడ్నే లేబుళ్ళు వేయిస్తున్నడు. మీ లేబుళ్ళు వద్దంటున్నరు" అని. ఓంకార్ భావూ సాయంత్రానికి కిటికీ పక్క టేబుల్ మీద రసీదు పుస్తకాల కట్టలు పెట్టించాడు. నేను మళ్ళీ పాత చోట కూర్చున్నాను.

నా పని నచ్చకపోతే నాకు చెప్పొచ్చు కదా. కొండ బాగుంది, పువ్వు బాగుంది అని ఎందుకు రాశావు? ఎవరో పరాయివాళ్ళకు రాసినట్టు. అక్కడి నీళ్ళు బాగున్నాయి, అక్కడి మనుషులు మాస్టర్ అంటున్నారు. మేము గుర్తుకు రాకపోవడంలో వింత లేదు. అమ్మ రోజూ అడుగుతోంది, "ఎప్పుడొస్తడంట?" అని. నేనేం చెప్పను?

సెలవు కష్టం కాదు, నీకు మనసు లేదు. మనసు లేకపోతే రావద్దు.

ఋతుజ


బీర్‌గంజ్,
18 ఏప్రిల్ 2024

చిరంజీవి ఋతుజకు,

నీ ఉత్తరం అందింది. రావద్దన్నావు. రాను.

మల్లప్పతో ఒక పెట్టె పంపుతున్నాను. నేను నేసిన రెండు చద్దర్లు, చాయ్‌పొడి, సబ్బులు, పాలపొడి ఉన్నాయి. కొత్త సంసారానికి పనికొస్తాయి. వీరేష్‌కు నా ఆశీర్వాదం చెప్పు. చల్లగా ఉండండి.

వాసుదేవ్


కుంభారి,
2 జూన్ 2024

మామా,

ఇది నా కొత్త ఇంటినుంచి రాస్తున్న మొదటి ఉత్తరం. రాయకూడదనుకున్నాను. ఈ పొద్దున జరిగినదాని తరువాత రాయకుండా ఉండలేకపోయాను.

చాయ్‌లోకి పాలు విరిగిపోయాయి. నువ్వు పంపిన పాలపొడి డబ్బా అప్పటిదాకా మూత తీయలేదు, కోపంతోనే. ఈ రోజు తీశాను. నీళ్ళు కాగేలోపు అలవాటుగా డబ్బా చుట్టూ చదివాను. ఇంగ్లీషులో ఎండ తగలకుండా ఉంచమని ఉంది. దాని పక్కనే నేపాలీలో "ఘామ్‌బాట టాఢా" అని ఉంది.

ఘామ్ అంటే మరాఠీలో చెమట. మీ మునీమ్ రెండో వరుస గుర్తుందా? "ఘామ్‌లో ఆరబెట్టకండి" అని రాశాడు. చెమటలో చద్దరు ఎవరు ఆరబెడతారని నేను నవ్వాను. ఇంగ్లీషు వైపు నీడలో ఆరబెట్టమని ఉంది కాబట్టి, ఎండ అని రాయబోయి తప్పు రాశాడనుకున్నాను. ఘామ్ తీసేసి, ఎండకు మనం మరాఠీలో అనే ఊన్ పెట్టాను. వాళ్ళకు ఘామ్ అంటేనే ఎండ, మామా! మరి ఊన్ అంటే? ఫోన్‌లో చూస్తే క్షణంలో చెప్పింది. ఉన్ని. ఊలు. హిందీలోనూ అంతే, నాకు తెలిసిన మాటే. ఆ రోజు ఎందుకు తట్టలేదో! తెలుసనుకున్నదాన్ని ఎవరూ వెతకరు కదా.

నూలు చద్దర్ల మీద నేను ఊలు అని వేసి పంపాను. అక్కడ ఏం జరిగింది? ఈసారి కొండ బాగుంది, పువ్వు బాగుంది అని రాయకు. జరిగింది జరిగినట్టు రాయి.

ఋతుజ


బీర్‌గంజ్,
23 జూన్ 2024

ఋతుజా,

నువ్వు అడగకపోతే చెప్పేవాణ్ణి కాదు.

చద్దర్లు ఖాట్మండు వెళ్ళి తిరిగొచ్చాయి. కొన్న వ్యాపారి బేళ్ళన్నీ గేటు దగ్గర దించేసి వెళ్ళాడు. రెండో వరుసలో ఊన్ అన్న మాట చూసి, ఊలని రాసి నూలు అంటగడతారా అని జనం అతని దుకాణం మీదికి వచ్చారట. సేఠ్‌జీ ఒక లేబుల్ పీకి నా మొహం ముందు పెట్టి అరిచాడు. ఏం అంటున్నాడో తెలియక నేను అలవాటుగా తల ఊపాను. ఒప్పుకున్నాననుకున్నాడు. ఆ తరువాత మునీమ్ రాసి చూపించాడు, "నేను రాసిన మాట ఎవరు మార్చారు?" అని. నేనే మార్చమన్నానని చెప్పాను.

నిన్ను కాపాడడానికి ఆడిన అబద్ధం కాదది. ఫిబ్రవరిలో సరిచెయ్యమని రాసింది నేనే కదా. బడిపంతులు నాకు చూపించింది ఇంగ్లీషు వైపు రెండో వరుస. అందులో ఒక అక్షరం తప్పు ఉంది. నువ్వు అడిగింది నేపాలీ వైపు రెండో వరుస. ఏ మాట అని ఒక్క ముక్క అడిగి ఉంటే సరిపోయేది. చదువుకున్నదానివని మురిసిపోయి అడగలేదు.

ఘామ్ అనే మాట ఇక్కడ పిల్లల నోట కూడా ఉంటుందట. చలికాలంలో మంచు విడిన పొద్దున వీధి వీధంతా అదే మాట అంటారట. నేను వాళ్ళ మధ్యనే నిలబడి ఎండ కాచుకున్నాను. నా చెవిన ఒక్కసారీ పడలేదు.

మగ్గాలు వేరేవాళ్ళకు అప్పగించి నన్ను గోదాములో కూర్చోబెట్టారు. నలుగురు ఆడవాళ్ళు, నేను, బ్లేడ్లతో లేబుళ్ళు విప్పాం. కుట్టు తెంపబోతే కొన్నిచోట్ల చద్దరు తెగింది. అది చూడలేకపోయాను. నీ కొండ, నీ పువ్వు గోనెసంచిలోకి వెళ్ళాయి. ఒకటి కూడా ఉంచుకోలేదు, మన్నించు.

పెళ్ళికి సెలవు దొరకలేదన్నది సగమే నిజం. పని వదిలి వచ్చెయ్యాలని సంచి సర్దుకున్నాను. అప్పుడే నీ ఉత్తరం వచ్చింది. చివర రావద్దు అన్న ఒక్క మాటే కంటికి కనపడింది. దాని ముందున్న 'మనసు లేకపోతే' అన్న మాట చాలా రోజుల తరువాత చదివాను. పైగా మీ అమ్మ ఇక్కడే ఉండమన్నది. ఇద్దరికీ నేను లేకపోవడమే మేలని అనుకున్నాను.

పెళ్ళి రోజు, ఇక్కడి గడియారం మీకన్నా పావుగంట ముందుంటుందని లెక్క వేసుకుని, నీ ముహూర్తానికి గోదాములో లేచి నిలబడ్డాను. పక్కనున్నావిడ కాళ్ళు తిమ్మిరెక్కాయా అన్నట్టు సైగ చేసింది. అవునన్నాను.

ఇదే జరిగింది. ఇందులో నీ తప్పు నువ్వు ఎక్కువ చేసుకోకు. సేఠ్‌జీ ఈ మధ్య మళ్ళీ రెండు మగ్గాలు ఇచ్చాడు. దసరాకు ఇక్కడ కార్ఖానాలు మూస్తారు. అప్పుడు వస్తాను, మీకు ఇబ్బంది లేకపోతే.

మామ


కుంభారి,
24 అక్టోబరు 2024

మామా,

నువ్వు క్షేమంగా చేరావని మల్లప్ప చెప్పాడు.

నువ్వు వచ్చి ఉన్న ఆ నాలుగు రోజులూ ఎలా గడిచాయో తెలియలేదు. నీకు ఇప్పుడు అరిచినా వినపడదని నువ్వు ఏ ఉత్తరంలోనూ రాయలేదు. గుమ్మంలో అమ్మ "ఎండిపోయినవేందిరా" అని ఏడుస్తుంటే, నువ్వు "ప్రయాణం మంచిగనే అయింది అక్కా" అన్నావు. అప్పుడు తెలిసింది మాకు.

నేను పలక తెచ్చి, అమ్మ అక్కడే ఉండమన్న మాటను నువ్వు మనసులో పెట్టుకున్నావని ఆమెకు చెప్పి, ఆమె జవాబు రాసి చూపించాను. "నేనెప్పుడన్న? నల్లా రాని కోపంల అన్ననేమో. గది తాళం నీదే, దీపం నేనే పెడ్తున్న" అన్నది. నువ్వు చదివి, పలక తుడిచేసి, బీడీ ఆకు కత్తిరించడానికి కూర్చున్నావు. ఇద్దరూ పొద్దుగూకేదాకా ఆకు కత్తిరించారు.

ఓంకార్ భావూకు అంతా చెప్పాను. "జానే దే, ఎవ్వరికి చెప్పకు" అన్నాడు. టేబుల్ సంగతి నేను అడగలేదు. ఇప్పుడు నాకు రాని భాష ఏది వచ్చినా, వచ్చినవాళ్ళ చేత చదివించకుండా వేయనంటున్నాను. మెల్లగా చేస్తానని ఆయనకు చిరాకు.

పెళ్ళి ఫోటోలు నువ్వు అడగలేదు, నేను చూపించలేదు. అందులో నా వెనుక నిలబడింది పక్కవాడ అంబాదాస్ కాకా. మంచివాడు, పిలవగానే వచ్చి నిలబడ్డాడు. ఆయన మొహం చూస్తే నీకు ఏమనిపిస్తుందోనని ఆల్బమ్ బీరువాలో పెట్టాను.

స్టేషన్‌లో రైలు కదులుతుంటే నేను కిటికీ పట్టుకుని ఏదో అన్నాను. పలక ఇంటి దగ్గరే ఉండిపోయింది. నువ్వు నా పెదవులు చూసి తల ఊపి, "ఆఁ ఆఁ, పోయినంక ఉత్తరం రాస్త లే" అన్నావు. నేను ఉత్తరం సంగతి అడగలేదు, మామా. నేను అన్నది ఇది: "పెండ్లినాడు భట్‌జీ మైకుల మూడుసార్లు పిలిచిండు, ములీచే మామా కుఠే ఆహేత్, పిల్ల మామ యాడున్నడు అని. మూడుసార్లు నేను దర్వాజ దిక్కే చూసిన. రావద్దని రాసిన గని, వస్తవనే అనుకున్న."

నీ,
ఋతుజ